మా ఇంట్లో ఖాళీ ఎంత శాతం

మా ఇంట్లో ఎవరు ఎక్కడ ఎంతసేపు కూర్చుంటారో ఇప్పుడు మాకు దశాంశ స్థానాలతో సహా తెలుసు. మా అత్తగారు తన మంచాన్ని యాభై ఎనిమిది శాతం వాడతారు. వంటింటిని నేను నలభై ఆరు శాతం వాడతాను. దేవుడి గూడు వినియోగం నూటికి నూరు. ఇంత విజ్ఞానం మాకు ఊరికే రాలేదు, మావారి ప్రమోషన్‌తో పాటు వచ్చింది.

మావారి పేరు శివన్నారాయణ. ఆఫీసు టవర్లు కట్టి, అంతస్తుల లెక్కన కంపెనీలకు అద్దెకిచ్చే ‘ఊర్ధ్వ స్పేసెస్’ అనే సంస్థలో అప్పటికి వైస్ ప్రెసిడెంటు. భీమవరం చుట్టాలెవరైనా అడిగితే మా అత్తగారు సుభద్రమ్మగారు, “మావాడు హైదరాబాదులో అద్దెకి ఇళ్ళు చూపిస్తాడండీ” అని చెబుతారు.

“ఇళ్ళు కాదమ్మా, కమర్షియల్ లీజింగ్” అని ఆయన ఇరవై ఆరేళ్ళుగా సరిదిద్దుతూనే ఉన్నారు.

“అదేరా, టులెట్ బోర్డు కట్టడమే కదా.”

ఆయనకు స్థలమంటే ప్రాణం. మా పెళ్ళిచూపుల్లో నా వంక చూడకముందే మా హాలు వంక చూశారు. “పద్దెనిమిది బై పన్నెండు ఉంటుందాండీ?” అని మా నాన్నగారిని అడిగారు. పిల్లవాడు బుద్ధిమంతుడు, ఆడపిల్ల వంక కన్నెత్తి చూడడని నాన్నగారు ఆ రాత్రి అందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నారు. ఇప్పటికీ ఏ పెళ్ళికి వెళ్ళినా ఈయన అక్షింతలు చేతిలో పట్టుకుని ఫంక్షన్ హాలు స్తంభాలు లెక్కపెడతారు.

అలాంటి మనిషికి రెండేళ్ళుగా ఒకటే దిగులు. ఊర్ధ్వ వారి కొత్త టవరుకు ముప్ఫై ఒక్క అంతస్తులు. అందులో పన్నెండు నిండాయి, పందొమ్మిది ఖాళీ. ఆయన కలవని కంపెనీ లేదు, తాగని కాఫీ లేదు. ఆ పందొమ్మిదీ కదల్లేదు.

ఆ దశలో సంస్థ మేనేజింగ్ డైరెక్టరు కోటిరత్నంగారు ఒక కన్సల్టెన్సీని పిలిపించారు. వాళ్ళు నాలుగు నెలలు టవరంతా తిరిగి ఒక సత్యం కనిపెట్టారు. “సమస్య ఖాళీ స్థలంలో లేదు. ఖాళీ స్థలాన్ని లెక్కలోకి తీసుకునే మన ఆలోచనా విధానంలో ఉంది.” వాడని చోటుకు ‘నిద్రాణ స్థలం’ అని పేరు పెట్టారు. నిద్రాణ స్థలాన్ని గుర్తించి, పసుపు పట్టీ అంటించి, తాళం వేసి, లెక్కలోంచి తీసేయాలి. దీనికి ‘స్థల సమర్పణ’ అని పేరు.

ఒక గురువారం పందొమ్మిది అంతస్తులకూ తాళాలు పడ్డాయి. శుక్రవారం నాటికి టవరు నూటికి నూరు శాతం నిండిపోయింది.

మావారు శాలువాతో ఇంటికొచ్చారు. కేకు కోశారట, ఫొటోలు తీశారట.

“ఆ పందొమ్మిది అంతస్తుల మాటేమిటండీ?” అని అడిగాను.

“అవి ఇప్పుడు లెక్కలో లేవు.”

“బిల్డింగులో ఉన్నాయా?”

ఆయన శాలువా మడతపెట్టారు. “భౌతికంగా ఉన్నాయి” అన్నారు.

నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివాను. హారాన్ని కోసేస్తే భిన్నం పెరుగుతుందని మాకు మొదటి సంవత్సరంలోనే చెప్పారు. అయితే దానికి శాలువా కప్పుతారని చెప్పలేదు.

విజయం రుచి తెలిశాక ఏ సంస్థా ఊరుకోదు. రెండు నెలలకు ‘ఇల్లే తొలి టవర్’ అనే పథకం వచ్చింది. సర్క్యులర్‌లో ఇలా ఉంది: “తన నివాసంలో నిద్రాణ స్థలాన్ని సహించే అధికారి, సంస్థలో వినియోగ సంస్కృతికి సారథ్యం వహించజాలడు.” ఆఫీసు లక్ష్యం తొంభై శాతం అయితే, ఇళ్ళకు దయతలచి నలభై పెట్టారు. నలభై దాటినట్టు సర్టిఫికెట్ తెచ్చుకున్న వాళ్ళకే ఆ ఏడు ప్రమోషన్లు. మావారు అప్పటికి ఏడేళ్ళుగా వైస్ ప్రెసిడెంటు. సీనియర్ అనే ఒక్క మాట ముందు చేరడానికి ఆయన మోకాలి నొప్పితో ఎక్కని మెట్లు లేవు. ఇప్పుడు ఆ మాటకూ ఆయనకూ మధ్య మా మూడు గదుల ఫ్లాటు అడ్డం నిలబడింది.

మియాపూర్‌లోని ఆ ఫ్లాటుకు ఒక సోమవారం ప్రద్యుమ్నగారు వచ్చారు. కన్సల్టెన్సీ తరఫున స్థల వినియోగ పరిశీలకులు. ముప్ఫై దాటని వయసు, మెడలో కార్డు, చేతిలో తెల్ల బొత్తాల డబ్బా. కుర్చీల కింద, మంచాల కింద, వంటింటి గట్టు కింద ఒక్కో బొత్తాం అంటించారు. మనిషి వేడిని, బరువును బట్టి అవి గుర్తుపడతాయట. ఎవరు ఎవరో తెలియడానికి మా ముగ్గురికీ మూడు బిళ్ళలు ఇచ్చి, ముప్ఫై రోజులు ఒంటిమీంచి తీయకూడదన్నారు. నేను నా బిళ్ళను పుస్తెలతాడుకున్న పిన్నీసుకు తగిలించుకున్నాను. మా అత్తగారు కొంగుకు ముడి వేసుకున్నారు.

“అబ్బాయి కూడా ఉన్నాడటగా మీకు?” అని ప్రద్యుమ్నగారు అడిగారు.

“సూరత్‌లో హాస్టల్లో చదువుకుంటున్నాడు. వాడి వినియోగం సూరత్ వాళ్ళు చూసుకుంటారు” అన్నాను. ఆయన రాసుకున్నారు.

దేవుడి గూడు దగ్గర ఆయన వంగుతుంటే మా అత్తగారు అడ్డొచ్చారు. “ఆ బొత్తాం పీట కింద ఎందుకు నాయనా?”

“కూర్చునే చోటు కదమ్మా. ఎంతసేపు ఆక్యుపై అవుతుందో రికార్డు కావాలి.”

“వేంకటేశ్వరస్వామి కూర్చోడు నాయనా. ఆయన నిలబడే ఉంటాడు.”

ప్రద్యుమ్నగారు ఫారం తిరగేశారు. “ఫర్లేదమ్మా, స్టాండింగ్ డెస్క్ కేటగిరీ ఉంది.”

నెల తిరిగేసరికి రిపోర్టు వచ్చింది. ఇల్లు మొత్తం మీద ముప్ఫై నాలుగు శాతం. ఇంకో ఆరు శాతం కావాలి. ఏయే స్థలాలు సమర్పిస్తే ఆ ఆరు శాతం వస్తుందో కూడా వాళ్ళే రాసిచ్చారు. బాగా తక్కువ వాడేదాన్నుంచి మొదలుపెట్టి, నలభై వచ్చేదాకా ఒక్కొక్కటీ తీసేయాలి. మొదటి పేరు: వంటింటి వెనక బాల్కనీ. వినియోగం 3.1 శాతం. తర్వాత దాని పక్కన సామాన్ల అర. ఆ తర్వాత అతిథుల సోఫాలో మూడింట రెండు వంతులు.

ఆ బాల్కనీ ఆరడుగులు బై నాలుగడుగులు. అందులో ప్లాస్టిక్ వైరు అల్లిన కుర్చీ ఒకటి, నాలుగు మొక్కలు, ఒక ముక్కాలిపీట. ఎదురుగా పక్క అపార్టుమెంటు లిఫ్టు గది, దాని మీద పావురాలు. చూడ్డానికి ఏమీ ఉండదు. రోజూ మూడున్నరకు కాఫీ గ్లాసు, లైబ్రరీ పుస్తకం పట్టుకుని అక్కడ కూర్చుంటాను. నాలుగుంపావుకి లేస్తాను. తలుపు దగ్గరికి వేస్తాను కాబట్టి ఆ ముప్పావుగంటా ఎవరూ నన్ను ఏమీ అడగరు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో నేను ఎవరికీ ఏమీ కాకుండా కూర్చున్న చోటు ఈ భూమ్మీద అదొక్కటే. ఇరవై నాలుగు గంటల్లో ముప్పావుగంట అంటే సరిగ్గా 3.1 శాతమే. వాళ్ళ లెక్కలో తప్పు లేదు.

“ఇరవై నాలుగు చదరపు అడుగులే కదా వైదేహీ” అన్నారు మావారు ఆ సాయంత్రం. ఆయన నా ముందు నిలబడి మాట్లాడటం, అదీ ఫోను చేతిలో లేకుండా మాట్లాడటం అరుదు. “కాఫీ హాల్లో తాగొచ్చు. పుస్తకం మంచం మీద చదువుకోవచ్చు. పట్టీ వేశారంటే మూడేళ్ళు లాక్-ఇన్, అంతే. మూడేళ్ళ తర్వాత మళ్ళీ నీదే.”

“అంతేనా” అన్నాను.

“మా బ్యాచ్‌లో నేనొక్కణ్ణే మిగిలిపోయాను.”

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. అందుకే జాలేసింది. జాలేసింది కానీ సరేనని మాత్రం అనలేదు. పట్టీ వేయడానికి నెల గడువుంది.

ఆ నెలలో మావారు బాల్కనీని కాపాడటానికి తన వంతు కృషి చేయలేదని నేననను. ఎక్కువసేపు ఎవరైనా కూర్చుంటే శాతం పెరుగుతుంది కదా అని, మా పనిమనిషి యాదమ్మకు ఒక బిళ్ళ తగిలించి రోజుకు నాలుగు గంటలు అక్కడ కూర్చోమన్నారు.

యాదమ్మ కుర్చీ వంక అనుమానంగా చూసింది. “కూసుని ఏం జెయ్యాలె సారూ?”

“ఏమీ చేయనక్కర్లేదు. కూర్చోవడమే పని.”

“గసుంటి కొలువులు పెద్ద పెద్ద ఆఫీసుల్లనే ఉంటయనుకున్న. మరి గిన్నెలెవలు తోముతరు?”

మూడు రోజులు గిన్నెలు నేను తోమాను. యాదమ్మ కూర్చుని పావురాలను చూసింది. నాలుగో రోజు కాళ్ళ నొప్పులని ఆ కూర్చునే కొలువుకు రాజీనామా చేసి, మళ్ళీ గిన్నెల దగ్గరికి వచ్చేసింది. “ఊకె కూసునుడు మా ఇంట్ల ఎవ్వరికీ అలవాటు లేదమ్మా, కాళ్ళు గుంజుతున్నయ్” అంది. పైగా ప్రద్యుమ్నగారి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది: “ప్రేరేపిత వినియోగం పరిగణనలోకి తీసుకొనబడదు.”

ఇంతలో టవరులో కుటుంబ దినోత్సవం పెట్టారు. అధికారుల భార్యలు తప్పనిసరిగా రావాలని కబురు. మా అత్తగారు, “ఖాళీ లేదటగా, నేనెందుకులే” అని మంచం మీద తన శాతం తాను పెంచుకుంటూ ఉండిపోయారు.

లిఫ్టులో పన్నెండు దాటిన మీటలన్నిటి మీదా పసుపు పట్టీ అంటించి ఉంది. పన్నెండులోనూ తొమ్మిది, పది అంతస్తుల్లో ఊర్ధ్వ వారి సొంత ఆఫీసు. నూటికి నూరు వచ్చాక నూట ఇరవై ఎందుకు రాకూడదని కోటిరత్నంగారికి అనిపించిందట. అందుకని పదో అంతస్తునూ సమర్పించేశారు. ఇప్పుడు రెండంతస్తుల జనం ఒక్క అంతస్తులో ఉన్నారు. మనుషులు ల్యాప్‌టాప్‌ను పసిపిల్లలా చంకన ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. ఒకమ్మాయి మెట్ల మీద కూర్చుని పనిచేసుకుంటోంది. దారి ఇమ్మని అడగడానికి మొహమాటపడ్డాను.

“రండి మేడమ్, ఫర్లేదు” అని ఆ అమ్మాయే జరిగింది. “పదకొండింటి దాకా ఈ మెట్టు నాది. తర్వాత లీగల్ వాళ్ళది.”

“మరి మీరు?”

“నాకు మధ్యాహ్నం జెరాక్స్ మిషన్ పక్కన బుకింగ్ ఉంది.”

కోటిరత్నంగారి గది మాత్రం ఆ అంతస్తులో మూడో వంతు ఉంది. ఆయన వారానికి ఒకసారి వస్తారు. అద్దాల తలుపు మీద ‘యాజమాన్య రిజర్వు’ అని రాసి ఉంది. రిజర్వు చేసిన స్థలాన్ని ఎంత తక్కువ వాడినా సమర్పణ జాబితాలో పెట్టకూడదని ప్రద్యుమ్నగారు నాకు వివరించారు. “నాయకత్వానికి ఆలోచించుకునే స్పేస్ కావాలి కదా మేడమ్.”

“మా ఇంట్లో కూడా రిజర్వు ఉందా?”

“ఉంది కదా మేడమ్, సార్‌వి. వాటిని మేం టచ్ చేయలేదు.”

ఆ మాట నాకు గుర్తుండిపోయింది. కానీ అంతలోనే కింద లాబీలో కలకలం రేగింది. బెంగళూరు నుంచి ఒక పెద్ద కంపెనీ వాళ్ళు చెప్పకుండా వచ్చారు. వాళ్ళలో పెద్దాయన ఒకరు మన తెలుగువారే. రెండేళ్ళుగా మావారు వాళ్ళ వెంట తిరుగుతున్నారు. మావారు కోటు సర్దుకుంటూ దాదాపు పరుగెత్తారు. కోటిరత్నంగారూ దిగారు. వాళ్ళతో పాటు మేమందరమూ దిగాం.

“మాకు ఆరంతస్తులు కావాలండీ” అన్నారు పెద్దాయన. “వచ్చే నెలలో దిగిపోతాం.”

మావారి చేయి జేబులోని విజిటింగ్ కార్డు మీదికి వెళ్ళింది. ఈలోగా కోటిరత్నంగారు ఒక అడుగు ముందుకేశారు.

“చెప్పడానికి గర్విస్తున్నాం సార్. మా టవరులో ఒక్క చదరపు అడుగు కూడా ఖాళీ లేదు.”

చప్పట్లు మోగాయి. పెద్దాయన బయటికి వెళ్ళి తలెత్తి పైకి చూసి మళ్ళీ లోపలికి వచ్చారు. “పైన సగం పైగా దీపాల్లేవే?”

“అవి నిద్రాణ స్థలాలు సార్” అన్నారు ప్రద్యుమ్నగారు. “లెక్కలోకి రావు.”

“వాటిలో ఓ ఆరింటిని లేపి ఇవ్వకూడదా?”

ప్రద్యుమ్నగారు జాలిగా నవ్వారు. “తాళాలు తీస్తే పందొమ్మిదీ లెక్కలోకి వచ్చేస్తాయి సార్. మీరు ఆరు తీసుకున్నా మొత్తం యాభై ఎనిమిది శాతం. నూటికి నూరులో ఉన్నవాళ్ళం యాభై ఎనిమిదికి ఎలా దిగజారతాం?”

పెద్దాయన మా అందరి మొహాలూ వరసగా చూశారు. ఎవరో ఒకరు నవ్వుతారేమోనని చూసినట్టున్నారు. ఎవరూ నవ్వలేదు. “చాలా సంతోషం” అని చెప్పి, రోడ్డు దాటి, ఎదురు టవరులోకి వెళ్ళారు. నడుచుకుంటూనే వెళ్ళారు, కారు కూడా ఎక్కలేదు.

మావారి చేతిలో కార్డు సగం జేబులో, సగం బయటా ఉండిపోయింది. కోటిరత్నంగారు ఆయన భుజం తట్టారు. “శివన్నారాయణగారూ, చూశారా? లీజింగ్ చరిత్రలో అడిగిన వాళ్ళకు లేదని చెప్పగలిగిన స్థాయికి వచ్చాం. ఇందులో మీ పాత్ర చాలా ఉంది.”

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో, మియాపూర్ సిగ్నల్ దగ్గర, “ఆరంతస్తులు వైదేహీ” అన్నారు. నేను, “ఊఁ” అన్నాను.

మర్నాడు మూడున్నరకు బాల్కనీలోకి లైబ్రరీ పుస్తకానికి బదులు వినియోగ సంస్కృతి రూల్సు పుస్తకం తీసుకెళ్ళాను. అరవై నాలుగు పేజీలు, ఏడు అనుబంధాలు. ఆఫీసు నుంచి మావారు ఇంటికి తెచ్చి, డైనింగ్ టేబుల్ కాలు కింద ఎత్తుకు పెట్టిన పుస్తకం అది. అట్ట విప్పింది బహుశా నేనే మొదటిదాన్ని. నాలుగు మధ్యాహ్నాలు చదివాను. ఐదో మధ్యాహ్నం ఆరో అనుబంధంలో ‘యాజమాన్య రిజర్వు’ అనే మాట పక్కన ఒక చుక్క గుర్తు కనిపించింది. ఆ చుక్క వెంట పేజీ అడుక్కి దిగితే చీమల బారులాంటి అక్షరాలు ఉన్నాయి. పెన్సిలుతో కింద గీత గీసి, కాఫీ తాగేశాను.

గడువు రోజున ప్రద్యుమ్నగారు పసుపు పట్టీ చుట్ట పట్టుకుని వచ్చారు. ఆ రోజు మావారు ఆఫీసుకు వెళ్ళలేదు. సమర్పణ వేళ అధికారి హాజరు తప్పనిసరట. ఆయన నా మొహం చూడలేక నడవాలో అటూ ఇటూ తిరుగుతున్నారు.

“బాల్కనీ నుంచి మొదలుపెడదామా మేడమ్?”

“అన్నిటికంటే తక్కువ వాడేదాన్నుంచి మొదలుపెట్టాలని కదండీ రూలు?”

“అదే కదా మేడమ్, 3.1.”

“మావారివి ఎంతెంత వచ్చాయో ఒకసారి చదువుతారా?”

“సార్‌వి రిజర్వు కింద...”

పుస్తకం తెరిచి ఇచ్చాను. ఆయన పెన్సిలు గీత మీద వేలు పెట్టి పైకే చదివారు. “రిజర్వు హక్కు సీనియర్ వైస్ ప్రెసిడెంట్ మరియు అంతకు పై హోదా కలిగిన వారికి మాత్రమే వర్తించును.” చదివి ఆగిపోయారు. నడవాలో అడుగుల చప్పుడూ ఆగింది.

“మావారు ఇంకా సీనియర్ కాలేదు కదండీ” అన్నాను. “ఈ సర్టిఫికెట్ వస్తేనే అవుతారు. ఇవాళ్టికి ఆయనా మాలాంటి మనిషే.”

ప్రద్యుమ్నగారు ల్యాప్‌టాప్ తెరిచారు. నిజాయితీపరుడు. లెక్క కనిపిస్తే వదలడు. ఒక్కొక్కటే చదివారు. ఆయన హోమ్ ఆఫీసు అని పిలుచుకునే మూడో గది, నూట పది అడుగులు: 1.2 శాతం. హాల్లో కిటికీ పక్క పడక కుర్చీ, దాన్లో మరొకరు కూర్చుంటే ఆయనకు కిట్టదు: 0.8. డైనింగ్ టేబుల్ పెద్ద కుర్చీ: 1.9. అన్నీ నా బాల్కనీ కంటే తక్కువే.

“అలా ఎలా అవుతుందయ్యా?” అన్నారు మావారు లోపలికి వస్తూ. “నేను ఇంట్లో రోజూ ఉంటున్నాను కదా. పొద్దున రెండు గంటలు, రాత్రి మూడు గంటలు.”

ప్రద్యుమ్నగారు స్క్రీన్ ఆయనవైపు తిప్పారు. “ఉన్నారు సార్. కానీ ఫోన్ మాట్లాడుతూ నడుస్తూ ఉన్నారు. మీ టైమంతా నడవాలోనే వచ్చింది.”

“మరి నడవాలో ఉన్నట్టే కదా?”

“నడవా కామన్ ఏరియా సార్” అన్నారు ప్రద్యుమ్నగారు, నొచ్చుకుంటూనే. “కార్పెట్ ఏరియాలోకి రాదు. మీకు తెలియంది కాదు.”

ఆయనకు తెలియంది కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఎందరికో చెప్పిన మాటే.

గదిలోంచి మా అత్తగారు, “ఏవిట్రా శివుడూ, ఏవంటున్నాడు ఆ అబ్బాయి?” అన్నారు.

“నేను ఇంట్లో ఎక్కడా లేనంటున్నాడమ్మా.”

“అది నాకూ తెలుసు. దానికి బొత్తాలెందుకూ?”

నేను మాత్రం ఆయన్నే అడిగాను. “మీ ఇష్టమండీ. రూలు ప్రకారం మీ మూడూ ఇచ్చేస్తే ఎంతవుతుందో చూడమనండి. చాలకపోతే బాల్కనీ ఇచ్చేస్తాను, నేనేమీ అనను.”

ఆయన నా వంక చూశారు, వంటింటి వెనక తలుపు వంక చూశారు, తర్వాత పుస్తకం అడుగున ఉన్న చీమల బారు వంక చూశారు. “వెయ్యవయ్యా” అన్నారు.

మూడు స్థలాలు తీసేస్తే ఇల్లు 41.6 శాతానికి వచ్చింది. బాల్కనీ వంతు రాలేదు. హోమ్ ఆఫీసు తలుపుకు అడ్డంగా, పడక కుర్చీ చేతుల మీద, డైనింగ్ కుర్చీ వీపు మీద పసుపు పట్టీలు పడ్డాయి. మంచంలో ఆయన సగం పాతిక శాతం వచ్చింది కాబట్టి దాని జోలికి పోవాల్సిన అవసరం కలగలేదు. ప్రద్యుమ్నగారు కాఫీ తాగి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళారు.

వారం తిరక్కుండా మావారు సీనియర్ వైస్ ప్రెసిడెంటు అయ్యారు. మళ్ళీ శాలువా, మళ్ళీ కేకు. ఆయన భుజాలు రెండు వేళ్ళు పైకి లేచాయి. చుట్టాలందరికీ తనే స్వయంగా ఫోన్లు చేసుకున్నారు, నడవాలో నడుస్తూ. ఇప్పుడు హోదా వచ్చింది కాబట్టి తన రిజర్వు స్థలాలు తనకిచ్చేయమని అర్జీ పెట్టుకున్నారు. జవాబు ఒక్క వాక్యం: “సమర్పిత స్థలములకు మూడేళ్ళ లాక్-ఇన్ కాలము కలదు.” అన్నం మా అత్తగారి మంచం అంచున కూర్చుని తింటున్నారు. ఆవిడ శాతం మరో రెండు పెరిగింది.

హోదాతో పాటు ఆఫీసులో సొంత గది కూడా మంజూరైంది. అదీ మామూలు గది కాదు, ఇరవై నాలుగో అంతస్తులో రెండు వైపులా అద్దాలున్న గది. ఇరవై నాలుగో అంతస్తుకు తాళం వేసి ఉంది. తొమ్మిదో అంతస్తులో కూర్చుందామంటే, గది ఉన్నవాళ్ళకు బల్ల కేటాయించకూడదని రూలు. మెట్లు జూనియర్లకు. లాబీ సోఫాలో నాలుగు రోజులు కూర్చున్నారు. ఎదురు టవరులో బెంగళూరు కంపెనీ వాళ్ళు కుర్చీలు దింపుకోవడం అక్కడ్నుంచి బాగా కనిపిస్తుందట. ఐదో రోజు సంస్థ ఆయనకు లేఖ రాసింది: “మీ స్థాయి అధికారులు ఎక్కడి నుంచైనా పనిచేసే స్వేచ్ఛ కలిగి ఉన్నారు.”

అలా ఒక మంగళవారం మధ్యాహ్నం మూడుంపావుకి, సమర్పణ రోజు తప్పిస్తే మా పెళ్ళయ్యాక మొదటిసారి, పనిరోజు పట్టపగలు ఆయన ఇంట్లో ఉన్నారు. హాల్లో మా అత్తగారు దివాన్ మీద కునికిపాట్లు పడుతున్నారు. సోఫా మీద యాదమ్మ మడతపెట్టిన బట్టలున్నాయి. ఆయన ఒక్కో పసుపు పట్టీ దగ్గరా ఆగి, మ్యూజియంలో చూసినట్టు చూసుకుంటూ వచ్చారు. నేను కాఫీ కలుపుకుని, పుస్తకం తీసుకుని, వెనక తలుపు దగ్గరికి వేసుకున్నాను.

రెండు నిమిషాలకు తలుపు తెరుచుకుంది.

“ఇక్కడ ఎవరైనా కూర్చుంటున్నారా?” అన్నారు ముక్కాలిపీట చూపించి. మొక్కలకు నీళ్ళు పోసే చెంబు దాని మీద ఉంది.

నెల రోజులు పోరాడి ఊర్ధ్వ స్పేసెస్ నుంచి కాపాడుకున్న ఇరవై నాలుగు చదరపు అడుగులు. ఆయన వంక చూశాను. కోటు లేదు, ఫోను లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. ఫంక్షన్ హాల్లో స్తంభాలు లెక్కపెట్టే మనిషికి లెక్కపెట్టడానికి పావురాలు తప్ప ఏమీ లేవు.

“మూడున్నర నుంచి నాలుగు దాకా రిజర్వుడండీ” అన్నాను. “నాలుగు నుంచి పావుగంట ఖాళీ ఉంది.”

“రిజర్వేషన్ సీనియర్ వైస్ ప్రెసిడెంట్‌కి కదా వైదేహీ?”

“ఈ టవరులో నేనే మేనేజింగ్ డైరెక్టరుని.”

ఆయన పాలసీలో దీనికి అప్పీలు లేదని గ్రహించినట్టున్నారు. “నాలుగు నుంచి నాలుగుంపావు” అని ఒకసారి పైకి అనుకుని, తలుపు తనే దగ్గరికి వేసి వెళ్ళారు.

నడవాలో అడుగుల చప్పుడు మొదలైంది. ఈసారి మాటలు లేవు, ఉత్త అడుగులే. నేను పుస్తకం తెరిచాను. పావురాలు లిఫ్టు గది మీద ఎప్పటిలాగే తమ శాతం తాము కూర్చున్నాయి. మూడుంముప్పావు అయింది. చెంబు కింద పెట్టి, ముక్కాలిపీటను కాలితో కొద్దిగా నీడలోకి జరిపాను.

నాలుగు కాగానే అడుగుల చప్పుడు ఆగింది. తలుపు మీద రెండుసార్లు మెల్లగా తట్టారు. చేతిలో ఉన్న పేజీ పూర్తయ్యేదాకా నేను పలకలేదు.